బాగుచేయించుకోదగ్గ గిటార్

మొన్న నా గిటార్‌ని రెండోసారి రిఫ్రెట్ చేయించడానికి, అంటే మెడ మీద ఉండే లోహపు పట్టీలు, ఫ్రెట్లు, మార్పించడానికి తీసుకెళ్లాను. రిపేర్ చేసే పెద్దాయన తీగలు విప్పారు. చిన్న అద్దం, లైటు లోపలికి పెట్టి చాలాసేపు చూసి, "ఇందులో కంపెనీ నుంచి వచ్చినవి ఏం మిగిలాయో చెప్పు" అన్నారు. ఇద్దరం కూర్చుని లెక్కపెట్టాం. మెడ పైకొసన తీగలు ఆనే నట్ మారింది. పెట్టె మీద తీగలు ఆనే సన్నని పట్టీ, శాడిల్, మూడుసార్లు మారింది. శ్రుతి చేసే మరలు, ట్యూనర్లు, మారాయి. శబ్దాన్ని కరెంటు సిగ్నల్‌గా మార్చే పికప్ ఇప్పుడున్నది మూడోది. ఫ్రెట్లు ఒకసారి పూర్తిగా మారాయి, మళ్ళీ మారబోతున్నాయి. మెడని, అంటే నెక్‌ని, ఒకసారి ఊడదీసి బిగించారు. టాప్ మీద, అంటే ముందు పలక మీద, అతికించిన పగులు ఒకటుంది. చెక్క మాత్రం అదే. నా దగ్గరికి వచ్చి 17 ఏళ్లు.

తన గిటార్ సెటప్ కోసం వచ్చిన ఒక కుర్రాడు పక్కన నిలబడి ఇదంతా విన్నాడు. కుడి మోచేయి ఆనే చోట లాకర్ అనే మెరుగు పూత పోయి తెల్లగా కనిపిస్తున్న స్ప్రూస్ చెక్కని వేలితో తడిమి, "అన్నా, ఇంత మంచి గిటార్‌ని స్టేజ్ ప్రోగ్రాములకి, గిగ్‌లకి తిప్పి ఇలా చేశారేంటి? ఇది ఇంట్లో పెట్టుకుని స్టేజ్‌కి ఇంకోటి కొనుక్కోవచ్చు కదా?" అని అడిగాడు. నిజంగానే బాధపడుతూ అడిగాడు. అప్పటికి ఏదో చెప్పాను గానీ, ఇంటికొచ్చాక ఆ జవాబు నాకే చాలలేదు.

ఖరీదైన అకౌస్టిక్ గిటార్ కొనేది స్టేజ్ మీద వాయించడానికే అని నా అభిప్రాయం. అప్పుడూ అదే, ఇప్పుడూ అదే. దానికి నేను చెప్పే కారణం మాత్రం ఈ 17 ఏళ్లలో పూర్తిగా మారిపోయింది.

శబ్దం కోసం అనుకున్న రోజులు

"మంచి గిటార్ బాగా పలుకుతుంది కాబట్టి స్టేజ్ మీద అదే వాయించాలి" అని నేనూ చాలా ఏళ్లు అన్నాను. గదిలో మైకు పెట్టి రికార్డ్ చేస్తే ఆ మాట నిజమే. ఎదురుగా నాలుగు అడుగుల దూరంలో కూర్చుని వినేవాళ్లకీ నిజమే. గిగ్‌లో సంగతి వేరు. శాడిల్ కింద ఒత్తిడిని సిగ్నల్‌గా మార్చే పీజో పట్టీ, అక్కడి నుంచి ఆ సిగ్నల్‌ని పెంచే ప్రీయాంప్, దాన్ని మిక్సర్‌కి సరిపోయేలా మార్చే డీఐ బాక్స్, మిక్సర్, స్పీకర్లు. పీజో పట్టుకునేది శాడిల్ మీద తీగలు వేసే ఒత్తిడిని. టాప్ గాలిని కదిపే తీరు అందులోకి వచ్చేది చాలా తక్కువ. బ్యాండ్‌తో వాయిస్తే సౌండ్ ఇంజినీర్ బేస్ గిటార్‌కి చోటివ్వడానికి మన కింది ఫ్రీక్వెన్సీలు కోసేస్తాడు, కోయాలి కూడా. ఎంతో ఇష్టపడి కొనుక్కున్న ఆ లోతు ముందుగా పోయేది అక్కడే.

కలప సంగతి ఇంకా ఇబ్బంది పెట్టింది. 2018లో లాంకాస్టర్ యూనివర్సిటీ పరిశోధకుల అధ్యయనం ఒకటి అచ్చయింది. వెనక, పక్కల వాడిన కలప తప్ప మిగతాదంతా వీలైనంత ఒకేలా ఉండేటట్టు ఆరు స్టీల్ స్ట్రింగ్ గిటార్లు చేయించారు. వాటిలో అరుదైన బ్రెజిలియన్ రోజ్‌వుడ్ ఉంది, మామూలు కలపలూ ఉన్నాయి. ఏది ఏదో కనిపించకుండా 52 మంది గిటారిస్టుల చేత వాయింపజేసి చూశారు. శబ్దానికి అన్నింటికీ వచ్చిన మార్కులు దాదాపు ఒకటే. నా గిటార్ ధరలో కొంత భాగం ఆ రోజ్‌వుడ్‌దే. అది చదివిన రోజు కష్టంగా అనిపించింది. కాదనడానికి నా చెవి తప్ప వేరే ఆధారం లేదు, ఆ చెవికి చేతిలో ఉన్నది రోజ్‌వుడ్ అని ముందే తెలుసు.

ఇంకో మాట కూడా ఒప్పుకోవాలి. స్టేజ్ మీద మంచి గిటార్‌తోనే కష్టం ఎక్కువ. టాప్ తేలిగ్గా కదిలేలా చేస్తారు కాబట్టి మనకి వినిపించడానికి స్టేజ్ మీద పెట్టే మానిటర్ స్పీకర్ నుంచి వచ్చే శబ్దానికీ అంతే తేలిగ్గా కదులుతుంది. డ్రెడ్‌నాట్ అనే పెద్ద సైజు పెట్టెలో గాలి సుమారు 100 హెర్ట్జ్ దగ్గర మోగుతుంది. ఆరో తీగ మూడో ఫ్రెట్ మీద జి స్వరం 98 హెర్ట్జ్. జి కార్డ్, అంటే కలిపి మీటే ఆ స్వరాల గుంపు, పట్టుకోగానే హూమ్మని మొదలయ్యే ఆ ఫీడ్‌బ్యాక్ మోత గిగ్‌లు చేసేవాళ్లందరికీ పరిచయమే. సౌండ్ హోల్‌కి రబ్బరు మూత పెడతాం, మోగే ఆ ఒక్క ఫ్రీక్వెన్సీని కోసే నాచ్ ఫిల్టర్ తిప్పుతాం, సిగ్నల్‌ని తలకిందులు చేసే ఫేజ్ స్విచ్ నొక్కుతాం. ఏ కదలిక కోసం ఎక్కువ డబ్బు పెట్టామో దాన్ని అదుపు చేయడానికే ఇదంతా.

ఒక నెల వేరే గిటార్‌తో

ఆరేళ్ల క్రితం స్ట్రాప్ జారి గిటార్ స్టేజ్ మీద పడింది. గిటార్ అడుగున కేబుల్ పెట్టే ఎండ్‌పిన్ జాక్‌కి స్ట్రాప్ వదులుగా ఉంటోందని నెలల తరబడి తెలిసి కూడా స్ట్రాప్ లాక్ బిగించుకోలేదు. తీగలు కట్టే బ్రిడ్జ్ పక్క నుంచి కిందికి అరచేయంత పొడవున టాప్ పగిలింది. బాగవడానికి నెల పడుతుందన్నారు. ఆ నెలలో ఆరు గిగ్‌లున్నాయి. తోటి గిటారిస్టు ఒకరు తన ప్లైవుడ్ టాప్ గిటార్ ఇచ్చారు.

మొదటి గిగ్ అయ్యాక సౌండ్ ఇంజినీర్ వచ్చి, "ఈరోజు ఒక్కసారి కూడా ఫీడ్‌బ్యాక్ రాలేదు, ఇదే వాడండి సార్" అన్నాడు. ఎనిమిదేళ్లుగా నా పక్కన వాయించే వయొలిన్ ఆయన గిటార్ మారిందని రెండో గిగ్‌లో కనిపెట్టారు. అదీ కళ్లతో చూసి. ప్రేక్షకుల్లో ఎవరూ ఏమీ అనలేదు.

నేను మాత్రం ఆ నెలంతా అవస్థ పడ్డాను. మేం వాయించే ఒక పాట చివర్లో అన్ని వాయిద్యాలూ ఆగిపోయి కంఠం ఒక్కటే మిగులుతుంది. అక్కడ నేను వేలి కొసతో రెండే రెండు స్వరాలు వేస్తాను. ఎంత మెల్లగా మీటితే అవి వినిపిస్తాయో, ఇంకెంత మెల్లగా మీటితే మాయమైపోతాయో ఆ గిటార్ మీద నా చేతికి తెలియలేదు. దాంతో అన్నీ ఒకే బలంతో వాయించడం మొదలుపెట్టాను. రెండో సెట్ వచ్చేసరికి మణికట్టు పట్టేసేది. మూడో గిగ్‌కల్లా ఆ రెండు స్వరాలూ మానేశాను. ఎవరూ అడగలేదు. పాడే ఆవిడ మాత్రం, "ఆ చివర్లో నాకు పట్టుకోవడానికి ఏమీ లేనట్టుంది" అన్నారు. గిటార్ మారిన తేడా ఆవిడకి తెలియలేదు, నా చేతిలో వచ్చిన తేడా తెలిసింది.

ఇది గిటార్ ధర వల్ల వచ్చిన తేడానా, దానితో నేను గడిపిన ఏళ్ల వల్ల వచ్చిందా? ఆ ప్లైవుడ్ గిటార్ సొంతదారు దాని మీదే అతి మెల్లని స్వరాలు ఎంతో చక్కగా పలికిస్తారు, నేను చాలాసార్లు విన్నాను. కాబట్టి ధర వల్ల అనడానికి నాకు నోరు రాదు. ఏళ్ల వల్లే. మరి ఆ ఏళ్లు ఎక్కడి నుంచి వచ్చాయి? వారానికి రెండు మూడు గిగ్‌లు చేసే చేతిలో ఒక గిటార్ అంతకాలం ఎలా నిలిచింది? అక్కడికి వచ్చేసరికి ధర మళ్ళీ లెక్కలోకి వస్తుంది.

అరిగేవి, మార్చుకునేవి

లైట్ గేజ్ స్టీల్ తీగలు ఆరూ శ్రుతిలో ఉంటే గిటార్ మీద పడే లాగుడు 70 కేజీల పైమాటే. ఒక మనిషి బరువంత లాగుడుని రాత్రీ పగలూ మోసేది దాదాపు 3 మిల్లీమీటర్ల మందం ఉండే స్ప్రూస్ పలక. ఎంత గొప్ప గిటారైనా దీనికి మెల్లగా లొంగుతుంది. బ్రిడ్జ్ వెనక టాప్ ఉబ్బుతుంది, నెక్ ముందుకి వాలుతుంది, తీగలు ఫ్రెట్ల మీద నుంచి పైకి లేస్తాయి. ఆ ఎత్తు, అంటే యాక్షన్, పెరిగిందని శాడిల్ అరగదీస్తాం. కొన్నేళ్లకి అరగదీయడానికి శాడిల్ మిగలదు. అప్పుడిక నెక్ రీసెట్, అంటే నెక్ ఊడదీసి కోణం సరిచేయడం, చేయాల్సిందే.

నాది డవ్‌టెయిల్ నెక్, అంటే పావురం తోక ఆకారపు గాడిలో జిగురుతో బిగించినది. 14వ ఫ్రెట్ దగ్గర బాడీని కలుస్తుంది కాబట్టి 15వ ఫ్రెట్ పీకి, ఆ గాడిలో సన్నని రంధ్రం చేసి, లోపలి అతుకులోకి ఆవిరి పంపిస్తారు. జిగురు మెత్తబడ్డాక నెక్ ఊడి వస్తుంది. నెక్ మడమ దగ్గర కాగితం మందాన చెక్క తీసి, కోణం సరిచేసి మళ్ళీ బిగిస్తారు. నా గిటార్‌కి ఇది పదమూడో ఏట జరిగింది, నేను దగ్గరుండి చూశాను. నెక్ ఒకవైపు, పెట్టె ఒకవైపు బల్ల మీద పడి ఉంటే కడుపులో తిప్పింది. రిపేర్ పెద్దాయన నా మొహం చూసి, "ఇలా ఊడేలాగే చేశారయ్యా దీన్ని" అన్నారు.

ఆ మాట చాలా రోజులు మనసులో తిరిగింది. నిజంగానే ఆ గిటార్‌లో అరిగే ప్రతి భాగాన్నీ ఎవరో ఒకరు ఎప్పుడో ఒకప్పుడు మారుస్తారని ముందే అనుకుని చేశారు. శాడిల్‌కి జిగురు ఉండదు, గాడిలో బిగువుగా కూర్చుంటుంది. ఫ్రెట్లు పీకి కొత్తవి కొట్టొచ్చు. తీగల చివర ఉండే చిన్న గుండ్లు కొరికేసిన బ్రిడ్జ్ ప్లేట్‌కి, అంటే బ్రిడ్జ్ కింద లోపల ఉండే పలకకి, లోపలి నుంచి మేపుల్ మాటు వేయొచ్చు. పగిలిన టాప్‌కి వెనక నుంచి చిన్న చెక్క బిళ్లలు అతికిస్తే నిలబడుతుంది. నాది అలాగే నిలబడింది. ఇప్పుడు ఆ పగులు లైటు ఏటవాలుగా పడితే తప్ప కనిపించదు.

చవక గిటార్లకి ఇవేవీ చేయలేరని కాదు. కొన్నింటి నెక్ ఎపాక్సీ అనే గట్టి జిగురుతో అతికించి ఉంటుంది, అది తీయడం నిజంగా నరకం. మిగతావాటికి చేయొచ్చు. కానీ నెక్ రీసెట్ ఖర్చు గిటార్ ధరనే మించిపోతుంది కాబట్టి ఎవరూ చేయించరు. యాక్షన్ చేతికి అందకుండా పోయిన రోజున కొత్తది కొంటారు, చేయి మళ్ళీ మొదటి నుంచి నేర్చుకుంటుంది. నేను ఆ గిటార్‌కి పెట్టిన డబ్బు శబ్దానికి పెట్టాననుకున్నాను. అది పాడైన ప్రతిసారీ "బాగుచేయిద్దాం" అనిపించింది ఆ డబ్బు వల్లే.

డవ్‌టెయిల్ గురించి ఇంత చెప్పాక టేలర్ గిటార్ల సంగతీ చెప్పాలి. ఆ కంపెనీ 1999లో తెచ్చిన బోల్ట్ నెక్ పద్ధతిలో ఆవిరితో పనే లేదు. బోల్టులు విప్పి, షిమ్‌లనే సన్నని ముక్కలు మార్చి నిమిషాల్లో కోణం సరిచేస్తారు. గిగ్‌లు చేసేవాళ్లకి అదే తెలివైన పద్ధతి. డవ్‌టెయిల్ వల్లే శబ్దం బాగుంటుందనే మాట నాకు ఎన్నడూ నమ్మకం కలిగించలేదు. ఇవాళ కొనాల్సి వస్తే బోల్ట్ నెక్కే ముందు చూస్తాను.

ఇక ఫ్రెట్లు. నికెల్ సిల్వర్ అనే పేరే గానీ అందులో వెండి ఉండదు. రాగి, నికెల్, జింక్. స్టీల్ తీగ కంటే మెత్తన. నెక్ పైకొస దగ్గర పట్టే ఓపెన్ కార్డ్స్ ఎక్కువ వాయించేవాళ్లకి మొదటి మూడు ఫ్రెట్లలో ముందుగా గుంటలు పడతాయి. రెండు మూడుసార్లు అన్నీ సమంగా రుద్దాక ఎత్తు మిగలదు. ఈసారి స్టెయిన్‌లెస్ స్టీల్ వేయమంటావా అని రిపేర్ పెద్దాయన అడిగారు. వేస్తే ఇక నా జీవితంలో మళ్ళీ మార్చక్కర్లేదేమో. మూడు రోజులు ఆలోచించి నికెల్ సిల్వరే వేయమన్నాను. వేలు జారేటప్పుడు తీగ కింద ఉండే ఆ కాస్త మెత్తదనం నాకు అలవాటు. దీనికి నా దగ్గర వాదనేమీ లేదు, ఇష్టం అంతే.

పికప్ కోసం చెక్క కోయకండి

గిటార్‌లో అన్నింటికంటే తక్కువ కాలం బతికేవి ఎలక్ట్రానిక్సే. నా మొదటి పీజోలో కొన్నేళ్లకి రెండు తీగలు చచ్చుగా పలకడం మొదలైంది. రెండోదాని ప్రీయాంప్ గరగరలాడింది. ఇప్పుడున్నది బ్రిడ్జ్ ప్లేట్‌కి లోపలి నుంచి అతికించేది. ఈ మూడింటి కోసం గిటార్‌కి పెట్టిన గాయాలు రెండే: ఎండ్‌పిన్ రంధ్రాన్ని సుమారు 12 మిల్లీమీటర్లకి పెద్దది చేయడం, శాడిల్ గాడి అడుగున వైరు దూరే చిన్న రంధ్రం. వాల్యూమ్, ట్యూనర్, శబ్దం తీరు సరిచేసే ఈక్యూ అన్నీ నేల మీద పెడల్స్‌లో ఉంటాయి.

నాతో వాయించే ఒకాయన తన గిటార్ పక్క పలక కోయించి ప్రీయాంప్ బిగించారు. వేలి దగ్గరే వాల్యూమ్, బ్యాటరీ మార్చడం చిటికెలో పని. అప్పట్లో నాకు అసూయగా ఉండేది. పదేళ్లకి ఆ ప్రీయాంప్ చచ్చిపోయింది. ఆ మోడల్ తయారీ అప్పటికే ఆగిపోయింది, కొత్తవాటి సైజు ఆ రంధ్రానికి సరిపోవడం లేదు. ఇప్పుడు అక్కడ స్క్రూలతో బిగించిన నల్ల ప్లాస్టిక్ పలక ఉంది. ఈ ఒక్క విషయంలో నాకు ఏ సందేహమూ లేదు: పదేళ్లు బతికే వస్తువు కోసం యాభై ఏళ్లు బతకగలిగే పెట్టెని కోయకూడదు.

ఇంట్లో ఉంటే క్షేమమా?

కుర్రాడి ప్రశ్న వెనక ఒక నమ్మకం ఉంది, ఇంట్లో పెడితే గిటార్ బాగుంటుందని. నా అనుభవం అలా లేదు. ఒకసారి ఆరోగ్యం బాగాలేక రెండు నెలలు వాయించలేదు. గిటార్ ఏసీ గదిలో గోడకి వేలాడుతూ ఉండిపోయింది. మళ్ళీ చేతిలోకి తీసుకుంటే ఫ్రెట్ల కొసలు వేళ్లకి గుచ్చుకున్నాయి. చెక్క ఎండి కుంచించుకుంది, లోహం కుంచించుకోదు కదా. టాప్ కిందికి దిగి నాలుగైదు చోట్ల తీగ ఫ్రెట్‌కి తగిలి బజ్ వస్తోంది. హైగ్రోమీటర్ పెట్టి చూస్తే తేమ 30 శాతం. ఉండాల్సింది 45 నుంచి 55. కేస్‌లో తేమనిచ్చే సంచులు పెట్టి మూడు వారాలు మూసి ఉంచాక చాలావరకు కోలుకుంది. ఇంకో నెల ఆగి ఉంటే టాప్ పగిలేది. గిగ్‌ల రోజుల్లో అంత దూరం వచ్చేదే కాదు. రోజు విడిచి రోజు చేతిలోకి తీసుకునేవాడికి యాక్షన్ అర మిల్లీమీటరు మారినా తెలిసిపోతుంది.

నెక్ వెనక ఉన్న మరక కూడా ఇంట్లో పడిందే. నైట్రో అనే రకం లాకర్‌కి కొన్ని రబ్బర్లు పడవు, స్టాండ్ తొడుగు ఆనిన చోట లాకర్ మెత్తబడి అంటుకుపోయింది. స్టేజ్ మీద రెండు గంటలు ఆనితే ఏమీ కాదు, గది మూలలో నెలల తరబడి వదిలేస్తే అవుతుంది.

అయినా కుర్రాడి మాటలో సగం నేనూ పాటిస్తాను. పైకప్పు లేని స్టేజ్‌కి, కేస్ నా చేతిలో ఉండని ప్రయాణానికి రెండో గిటారే వెళ్తుంది. ఎండలో ఆపిన కారులో దీన్ని ఐదు నిమిషాలు కూడా వదలను. వేడికి జిగురు మెత్తబడితే 70 కేజీల లాగుడు బ్రిడ్జ్‌ని లేపేస్తుంది. గిగ్‌కి తీసుకెళ్లాలంటే ప్రతి గిగ్‌కీ అని నా ఉద్దేశం కాదు.

ఆస్తిగా చూసేవాళ్లు

గీత పడకుండా ఉంచితే తర్వాత మంచి ధర వస్తుంది అనేవాళ్లున్నారు. పాత మార్టిన్ కంపెనీ గిటార్ల ధరలు చూపిస్తారు. ఆ లెక్క ఎంత గట్టిదో నాకు 2017లో తెలిసింది. ఆ జనవరి 2 నుంచి రోజ్‌వుడ్ చెట్లుండే డాల్బెర్జియా జాతి మొత్తాన్ని అరుదైన జంతువులు, మొక్కల అంతర్జాతీయ వ్యాపారాన్ని అదుపు చేసే సైటిస్ ఒప్పందంలో రెండో అనుబంధం కింద చేర్చారు. దేశాలు దాటించి అమ్మాలంటే పత్రాలు కావాల్సి వచ్చింది. తయారైపోయిన వాయిద్యాలకి మినహాయింపు 2019 నవంబర్ 26న గానీ అమల్లోకి రాలేదు. బ్రెజిలియన్ రోజ్‌వుడ్ అయితే 1992 నుంచీ ఇంకా కఠినమైన మొదటి అనుబంధంలోనే ఉంది, ఈ మినహాయింపు దానికి లేదు. అంతకుముందు రోజు వరకు ఆస్తి అనుకున్నది ఆ మర్నాడు కాగితాల టెన్షన్ అయింది. వాయించుకునే నాకు మాత్రం ఏ తేడా రాలేదు, శనివారం గిగ్ శనివారం జరిగింది.

దీనికి రెండో కొసన అమెరికన్ కంట్రీ గాయకుడు విల్లీ నెల్సన్ గిటార్ ఉంది. 1969 నుంచి ఆయన వాయిస్తున్న మార్టిన్ ఎన్-20, టాప్‌కి పెద్ద చిల్లు పడినా ఇంకా మోగుతోంది. అది నైలాన్ తీగల క్లాసికల్ గిటార్, టాప్‌ని గీతల నుంచి కాపాడే పిక్‌గార్డ్ ఉండదు, ఆయన పిక్‌తో వాయిస్తారు, అందుకే ఆ చిల్లు. "చూశారా, వాడితే గిటార్‌కి ఏమీ కాదు" అనడానికి ఈ ఉదాహరణ తెస్తారు. నాకు అందులో కనిపించేది వేరు. దాన్ని ఎప్పటికప్పుడు చూసి, బాగుచేసి పంపే చేతులు ఉన్నాయి. అవి లేకపోతే అంత అరిగిన చెక్క ఇన్నేళ్లు లాగుడుని ఓర్చుకునేది కాదు.

నా లెక్కకి లొంగని ఒక గిటార్

ఇంత చెప్పాక కూడా ఒక గిటార్ నన్ను నిశ్చింతగా ఉండనివ్వడం లేదు. మాతో కొన్నేళ్లు వాయించిన ఒకాయన దగ్గర చాలా చవకైన గిటార్ ఉంది. ఆయనకి మొదటి పాఠాలు చెప్పిన గురువుగారు పోయేముందు ఇచ్చారు. నెక్ ఎపాక్సీతో అతికిందే. యాక్షన్ పెరిగి వాయించలేని స్థితికి వచ్చాక, నెక్ మడమ కోయించి, లోపల బోల్టులు పెట్టించి మళ్ళీ బిగించుకున్నారు. గిటార్ ధరకి మూడింతలు ఖర్చయింది. నేను పైన చెప్పిన లెక్క ప్రకారం అది ఎప్పుడో మూలన పడాలి. అది ఇప్పటికీ స్టేజ్ ఎక్కుతోంది. దాని గురించి ఆయన చేతికి తెలిసింది, నా గిటార్ గురించి నా చేతికి తెలిసినదాని కంటే తక్కువేమీ కాదు.

బాగుచేయించుకోవాలనిపించడం ధర వల్లే వస్తుందని ఆయన ముందు నేను అనలేను. నాకు ఎవరూ గిటార్ ఇవ్వలేదు. ఎన్నో నెలలు దాచుకున్న డబ్బుతో కొనుక్కున్నాను కాబట్టి మొదటి బజ్ వచ్చిన రోజున దాన్ని అమ్మేయాలనిపించలేదు, పట్టుకుని రిపేర్‌కి పరిగెత్తాను. ఆయనకి గురువుగారు చేసిన పని నాకు ఆ డబ్బు చేసింది. కుర్రాడికి ఏది చేస్తుందో నేను చెప్పలేను. అతని చేతిలో అప్పుడున్నది మధ్యరకం గిటార్, ప్లైవుడ్ కాని సాలిడ్ టాప్, బోల్ట్ నెక్. నెక్ కోణం బాగుంది, శాడిల్ ఎత్తు బాగా మిగిలి ఉంది. దాన్నే పట్టుకుని ఉండమని చెప్పి ఉండాల్సింది.

శనివారం మా గిగ్‌కి వస్తానన్నాడు. సౌండ్ చెక్‌కి అరగంట ముందే రమ్మన్నాను, కేబుల్ పెట్టకముందు నా గిటార్ కాసేపు వాయించి చూస్తాడని. ఫ్రెట్లు కొత్తవి కాబట్టి మొదటి వారం కార్డ్స్ కాస్త బిరుసుగా తగులుతాయి. అతని చేతికిచ్చే ముందు ఆ మాట చెప్పాలి.